పిల్లి చెప్పిన రాజుగారి ప్రేమకథ

పెరట్లోకి ఓ నల్లపిల్లి వస్తుంది. ఇంటి ఇల్లాలు దాన్ని చూసి ముచ్చటపడుతుంది. అది మ్యావ్ అనదు, మనిషిలా మాట్లాడుతుంది. పాతిపెట్టిన డబ్బు ఎక్కడుందో చెబుతుంది. తవ్వి చూస్తే నిజంగానే దొరుకుతుంది! ఇంకేముంది, ఇంటాయన స్నేహితుల్ని వెంటేసుకుని జల్సాలకు బయల్దేరతాడు. ఊరికే డబ్బిచ్చే పిల్లి లోకంలో ఎక్కడైనా ఉంటుందా? తనకు కావాల్సింది అది అడగడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ సంసారం అల్లకల్లోలమవుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజప్రాసాదంలో చక్రవర్తి రోజుల తరబడి కంటిమీద కునుకు లేక, తెరిచిన కళ్లు తెరిచినట్టే ప్రాణం వదులుతాడు. మంత్రాలు చదివి ఆయన్ని కాపాడటానికి వచ్చిన ఓ విదేశీ సన్యాసికి అక్కడ పిల్లి వెంట్రుకలు కనిపిస్తాయి.

2017 డిసెంబర్లో చైనాలో విడుదలైన 'లెజెండ్ ఆఫ్ ద డెమన్ క్యాట్' ఇలా మొదలవుతుంది. నిడివి రెండు గంటల తొమ్మిది నిమిషాలు. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ, నోరు తిరగని పేర్లు గుర్తుపెట్టుకుంటూ చూడాలి. మరి ఓ ఆదివారం మధ్యాహ్నాన్ని దీనికి అప్పగించొచ్చా?

అప్పగించొచ్చు. కాకపోతే పిల్లి కోసం కాదు. పిల్లి ఎవరన్నది పెద్ద చిక్కుముడే కాదు. పరకాయ ప్రవేశాల కథలు చందమామలో చదువుకుని పెరిగిన తెలుగువాళ్లకు ఆ నల్లటి ఒంట్లో ఇంకెవరో ఉన్నారన్న అనుమానం పదిహేను నిమిషాల్లోనే వచ్చేస్తుంది. సినిమా అసలు పట్టుకున్న చిక్కుముడి వేరు. వెయ్యేళ్లకు పైగా చైనా జనం మురిసిపోతూ చెప్పుకుంటున్న ఓ రాజుగారి ప్రేమకథ ఉంది. అది నిజంగా ప్రేమేనా అని ఆ పిల్లి అడుగుతుంది. ఆ ప్రేమకథ ఏమిటో చైనా ప్రేక్షకులకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి దర్శకుడు వివరంగా చెప్పడు. తెలియనివాళ్లకు సగం సినిమా అయ్యేదాకా తలా తోకా అందదు. అందుకే ఆ కథ తెలుసుకుని కూర్చోవడం మేలు. పిల్లి రహస్యం దీంతో బయటపడిపోదు, భయం అక్కర్లేదు.

ఎనిమిదో శతాబ్దంలో చైనాను తాంగ్ వంశం ఏలుతుండేది. రాజధాని చాంగాన్, అంటే ఇవాళ్టి షియాన్. అప్పటి ప్రపంచంలో అంత పెద్ద నగరాలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. పర్షియా వర్తకులు, మధ్య ఆసియా నాట్యగత్తెలు, భారతదేశపు బౌద్ధ భిక్షువులు, జపాన్ విద్యార్థులు... అందరూ ఆ వీధుల్లోనే తిరిగేవారు. చక్రవర్తి పేరు షువాన్ జోంగ్. సంగీతమంటే ప్రాణం, డోలు వాయించడంలో దిట్ట. ఆయన కొడుకుల్లో ఒకడి భార్య యాంగ్ యూహ్వాన్. మామగారి కన్ను కోడలి మీద పడింది. ఆమెను ముందు సన్యాసినిగా మార్చారు. కొన్నేళ్లు గడిచాక, 745లో, అంతఃపురానికి తెచ్చుకుని 'గ్వీఫే' హోదా ఇచ్చాడు. అది పేరు కాదు, రాణివాసంలో ఓ పెద్ద పదవి. చరిత్రలో మాత్రం ఆమె యాంగ్ గ్వీఫేగానే మిగిలింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు, ఆమెకు ఇరవై ఆరు.

ఆమెకు లిచీ పళ్లంటే ఇష్టమని, అవి వాడిపోకుండా గుర్రాల మీద మజిలీలు మారుస్తూ దక్షిణాది నుంచి రప్పించేవాడని చైనాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆమె బంధువులంతా పెద్ద పెద్ద కొలువుల్లో చేరారు. దూరపు అన్న ఏకంగా ప్రధానమంత్రి అయ్యాడు. రాజుగారు పాటల్లో, విందుల్లో మునిగిపోయారు. ఆయన నెత్తిన పెట్టుకున్న ఆన్ లూషాన్ అనే సరిహద్దు సేనాని 755 డిసెంబర్లో తిరుగుబాటు జెండా ఎగరేశాడు. ఆరేడు నెలల్లో శత్రువు రాజధాని గుమ్మంలోకి వచ్చేశాడు. 756 వేసవిలో ఓ తెల్లవారుజామున చక్రవర్తి కొద్దిమంది పరివారంతో నగరం వదిలి పారిపోయాడు.

దారిలో మావే అనే మజిలీ. తిండిలేక అలసిపోయిన సైనికులు ముందు ప్రధానమంత్రిని చంపేశారు. చెల్లెలు బతికుంటే రేపు తమను బతకనివ్వదు కాబట్టి ఆమెను కూడా చంపితేనే కదులుతామన్నారు. చక్రవర్తి కాసేపు తటపటాయించాడు. తర్వాత సరేనన్నాడు. గావ్ లీషి అనే నపుంసక అధికారి ఆమెను పక్కనే ఉన్న బౌద్ధ మందిరానికి తీసుకెళ్లి గొంతు బిగించి చంపాడు. ఆమెకు ముప్ఫై ఏడేళ్లు. దేశాన్ని పాడుచేసింది ఆవిడేనని చాలామంది చరిత్రకారులు రాసిపెట్టారు. రాజ్యం ఏలింది ఎవరో, సేనానికి అంత అధికారం ఇచ్చింది ఎవరో మరి!

మర్నాటి ఏడు తిరుగుబాటుదారుల నుంచి రాజధాని మళ్లీ చేతికొచ్చింది. అప్పటికే కొడుకు సింహాసనం ఎక్కాడు. తిరిగొచ్చిన ముసలి రాజు, ఆమె శవాన్ని గుట్టుగా వేరేచోట పూడ్పించమని మనుషుల్ని పంపాడు. వాళ్లు తవ్విచూస్తే శరీరం శిథిలమైపోయింది, ఆమె దగ్గరుండే సుగంధాల సంచి మాత్రం అలాగే ఉంది. ఇది తాంగ్ వంశ చరిత్రలో రాసి ఉన్న మాట.

ఇదంతా జరిగిన యాభై ఏళ్లకు, 806లో, బాయ్ జూయీ అనే యువకవి ఈ కథ మీద 120 పంక్తుల దీర్ఘకవిత రాశాడు. అప్పటికాయన రాజధానికి దగ్గర్లోని ఓ చిన్న ఊళ్లో చిరుద్యోగి. స్నేహితులతో కలిసి గుడికి వెళ్లినప్పుడు గ్వీఫే ప్రస్తావన వచ్చిందట. నువ్వయితేనే రాయగలవని వాళ్లు బలవంతపెట్టారట. ఆ కవితలో రాజు ఆమెను తలుచుకుని కుమిలిపోతాడు. ఓ మాంత్రికుడు ఆమె ఆత్మను వెతుక్కుంటూ దేవతల ద్వీపం దాకా వెళ్తాడు. ఇద్దరి ప్రేమా చావును దాటిపోతుంది. చైనాలో ఇప్పటికీ ఆ కవిత నోటికొచ్చినవాళ్లు కోకొల్లలు. జపాన్‌కు పాకి, అక్కడి సుప్రసిద్ధ ప్రాచీన నవల 'గెంజి కథ' మొదటి అధ్యాయంలోనే దాని ప్రస్తావన ఉంది. అంతేనా! గ్వీఫే అసలు చనిపోలేదని, పడవెక్కి జపాన్ చేరిందని నమ్మేవాళ్లూ ఉన్నారు. అక్కడి యమగుచి రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఆమె సమాధి అంటూ ఒకటి చూపిస్తారు.

తాజ్‌మహల్ ముందు నిలబడి 'ఇది ప్రేమ కాదు, అబద్ధం' అని ఎవరైనా అంటే చుట్టూ ఉన్నవాళ్లు ఎలా చూస్తారు? ఈ సినిమా చైనాలో చేసిన పని అలాంటిది. ఇంతగా ప్రేమించినవాడు ఆ మజిలీలో ఎందుకు తలూపాడు? ఆ రోజు ఆమెతో ఏమని చెప్పాడు? ఆమె ఏమని నమ్మింది? కవిత ఇవేవీ అడగదు. అడగకుండా వదిలేసింది కాబట్టే అది అంత అందంగా ఉందేమో! అడగాల్సిన ప్రశ్నల్ని సినిమా ఓ పిల్లి నోట అడిగిస్తుంది.

ఆ ప్రశ్నలకు జవాబు వెతికేది ఇద్దరు. ఒకరు ఆ కవే. సినిమాలో ఆయన్ని బాయ్ లెత్యేన్ అని పిలుస్తారు. రాజుగారి దినచర్య రాసే కొలువులో ఉంటాడు. చక్రవర్తి పిల్లి పగ వల్ల పోయాడని కళ్లారా చూసి కూడా, జబ్బుచేసి పోయాడని దస్తావేజులో రాయాల్సి వస్తుంది. ఒళ్లు మండి ఉద్యోగం వదిలేస్తాడు. ఇంటిదగ్గర సగం రాసిన ప్రేమకవిత ఒకటుంటుంది. రాజుగారి చావు గురించి అబద్ధం రాయలేనన్నవాడు, అంతకంటే పెద్ద అబద్ధాన్ని కవితగా అల్లుతున్నాడా అన్న అనుమానమే సినిమాకు ఆయువుపట్టు. హువాంగ్ షువాన్ అనే నటుడు ఈ పాత్రను కాస్త గట్టిగానే చేశాడు. అరుపులు, గంతులు, కన్నీళ్లు... కొన్నిచోట్ల శ్రుతి మించింది. కానీ నమ్మిన కథ కళ్లముందు కూలిపోతుంటే మనిషి ఎలా విలవిల్లాడతాడో ఆ ముఖంలో కనిపిస్తుంది.

రెండోవాడు జపాన్ సన్యాసి కుకాయ్. షోటా సొమెటాని వేశాడు. ఎవరేమన్నా చిన్నగా నవ్వి ఊరుకుంటాడు. ఇతను కూడా చరిత్రలో నిజంగా ఉన్నవాడే. 774లో పుట్టాడు, 804లో రాయబారుల ఓడలో చైనా వచ్చాడు, చాంగాన్‌లోని చింగ్‌లాంగ్ ఆలయంలో హ్వీగ్వో అనే గురువు దగ్గర తాంత్రిక బౌద్ధం నేర్చుకుని 806లో స్వదేశం వెళ్లాడు. జపాన్‌లో షింగోన్ శాఖను స్థాపించింది ఆయనే. కవీ సన్యాసీ కలుసుకున్నారన్నది మాత్రం కల్పన. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే నగరం గాలి పీల్చారన్నంతవరకే నిజం.

కుకాయ్ కథకు తెలుగునేలతో ఓ పాత బంధుత్వం ఉంది, సినిమాలో చెప్పరు. హ్వీగ్వోకు గురువు అమోఘవజ్రుడు. ఆయన గురువు వజ్రబోధి దక్షిణ భారతం నుంచి సముద్రం మీదుగా చైనా వెళ్లినవాడు. ఈ గురుపరంపరను షింగోన్ వాళ్లు నాగార్జునాచార్యుడి దాకా లెక్కపెడతారు. దక్షిణ భారతంలో మూతపడి ఉన్న ఓ ఇనుప స్తూపాన్ని నాగార్జునుడు తెరిచి, అందులోంచి మంత్రశాస్త్రాన్ని లోకానికి తెచ్చాడని వాళ్ల నమ్మకం. ఆ స్తూపం మరేదో కాదు, అమరావతిదేనని భావించిన పండితులున్నారు. చాంగాన్‌లో కుకాయ్ సంస్కృతం కూడా నేర్చుకున్నాడు. నేర్పింది భారతదేశం వైపు నుంచి వెళ్లిన ప్రజ్ఞుడనే భిక్షువు.

కుకాయ్ పేరు ఇంతగా వినిపించడానికి కారణముంది. సినిమాకు మూలం జపాన్ నవల. రచయిత బకు యుమెమకురా పదిహేడేళ్లు శ్రమపడి నాలుగు సంపుటాలుగా రాశాడు. సినిమా కూడా చైనా, జపాన్ కలిసి తీసినదే. 2018లో జపాన్‌లో విడుదల చేసినప్పుడు 'కుకాయ్' అనే పేరుపెట్టారు.

మళ్లీ పిల్లి దగ్గరికి వద్దాం. మాట్లాడే పిల్లి రచయిత బుర్రలోంచి ఊడిపడింది కాదు. తాంగ్ వంశానికి ముందు రాజ్యమేలిన స్వీ వంశ కాలంలోనే 'పిల్లిభూతం' అంటే జనం హడలిపోయేవారు. దాన్ని పూజించి పంపిస్తే, అది వెళ్లినచోట మనిషి చనిపోతాడు, వాళ్ల ఆస్తి పంపినవాళ్ల ఇంటికి చేరుతుంది! మన చేతబడి లాంటిదే, కాకపోతే లాభసాటి చేతబడి. 598లో సాక్షాత్తూ మహారాణి తమ్ముడి మీదే ఈ కేసు నడిచింది. అక్కగారికి జబ్బుచేస్తే పిల్లిభూతాన్ని పంపింది ఇతని ఇంటివాళ్లేనని తేల్చారు. తాంగ్ రాజుల శిక్షాస్మృతిలో కూడా ఈ నేరానికి చోటుంది. సినిమా మొదట్లో పిల్లి డబ్బు చూపించడం వెనక ఈ పాత నమ్మకం నీడ కనిపిస్తుంది.

ఇంకో కథ. మహారాణి వూ జెత్యేన్ అంతఃపురంలో తనకు పోటీగా ఉన్న రాణిని ఘోరంగా చంపించింది. 'వచ్చే జన్మలో నేను పిల్లినై పుడతాను, నువ్వు ఎలకవై పుట్టాలి, నీ గొంతు కొరుకుతాను' అని ఆ రాణి శపించి చనిపోయిందట. అప్పట్నుంచి రాజప్రాసాదంలో పిల్లుల్ని పెంచడం మాన్పించారు. ఈ వూ జెత్యేన్ ఎవరో కాదు, మన కథలో రాజు షువాన్ జోంగ్‌కు స్వయానా నానమ్మ. అన్యాయంగా చచ్చిన ఆడమనిషి, పగతో తిరిగొచ్చే పిల్లి... ఆ ఇంట్లో ఈ రెంటికీ అంత పాత లంకె ఉంది.

దర్శకుడు చెన్ కైగె గురించి చెప్పకపోతే సినిమా మంచిచెడ్డలు సగమే తెలుస్తాయి. 1984లో 'యెల్లో ఎర్త్'తో చైనా సినిమా దారి మార్చినవాళ్లలో ఒకడు. 1993లో 'ఫేర్‌వెల్ మై కాంకుబైన్'కు కేన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి దక్కింది. అది అందుకున్న మొదటి చైనా సినిమా అదే. అంతటివాడు 2005లో 'ద ప్రామిస్' అనే జానపద చిత్రం తీస్తే జనం పడీపడీ నవ్వారు. ఓ కుర్రాడు దాన్ని ఎగతాళి చేస్తూ చిన్న వీడియో తయారుచేసి ఇంటర్నెట్‌లో వదిలితే దేశమంతా ఎగబడి చూసింది. పెద్దాయనకు కోపమొచ్చి కోర్టుకెళ్తానన్నాడు. అంత జరిగినా మంత్రాలు, మాయల మీద మోజు తీరలేదు. ఈసారి కంప్యూటర్‌ను పూర్తిగా నమ్ముకోలేదు. హుబేయ్ రాష్ట్రంలోని షియాంగ్‌యాంగ్ దగ్గర ఆరేళ్లపాటు శ్రమించి చాంగాన్ నగరాన్ని నిజంగానే కట్టించాడు. వీధులు, కాలవలు, కోటగోడలు, మిద్దెలు. చెట్లు కూడా వేలకొద్దీ నాటించి, అవి ఏపుగా పెరిగేదాకా ఆగాడు. సెట్‌కు చెట్లు తెచ్చి నిలబెట్టడం చూశాం గానీ, సెట్ కోసం చెట్లు పెంచడం ఎక్కడైనా విన్నామా?

ఆ కష్టం తెరమీద కనిపిస్తుంది. సంతలో మనుషులు నిజమైన మట్టి తొక్కుతూ నడుస్తారు. దుకాణాల ముందు దీపాలు గాలికి ఊగుతాయి. ఆ సంతలో ఓ ముసలాయన అందరూ చూస్తుండగా గింజ నాటి, తీగ పారించి, పుచ్చకాయ కాయిస్తాడు. అరచేయంత మొక్క కాస్తా చూస్తుండగానే మామిడి చెట్టయ్యే మన గారడీకి ఇది తోబుట్టువు. అప్పట్లో గారడీవాళ్లు చాలామంది మన దేశం నుంచే చైనా వెళ్లేవారు. వాళ్లు ఒళ్లు కోసుకునే విద్యలు చూడలేక ఏడో శతాబ్దంలో ఓ చక్రవర్తి వాళ్లను సరిహద్దులోనే ఆపేయమన్నాడు కూడా. పుచ్చకాయ సన్నివేశాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కళ్లముందున్నది కనికట్టు, కనికట్టులో కూడా కొంత నిజముంటుంది అన్న సంగతి అక్కడే చెప్పేస్తాడు దర్శకుడు. తర్వాతంతా దాని మీదే నడుస్తుంది.

ఇక విందు. గ్వీఫే పుట్టినరోజుకు చక్రవర్తి ఇచ్చిన విందును గతంలోకి తీసుకెళ్లి చూపిస్తారు. దశాబ్దాలపాటు చైనా కొలువులో పనిచేసి, మళ్లీ స్వదేశం చూడకుండానే పోయిన అబె నో నకమారో అనే జపాన్ పెద్దమనిషి డైరీలోంచి ఈ ఘట్టం తెరుచుకుంటుంది. ఆయన కూడా చరిత్రలో ఉన్నవాడే, గ్వీఫే మీద మనసుపడ్డాడన్నది మాత్రం కథ. ఆ భవనం లోపల ఊయల మీద ఆమె మొదటిసారి కనిపిస్తుంది. జుట్టు విరబోసుకున్న చక్రవర్తి డోలు వాయిస్తాడు. మహాకవి లీ బాయ్ తాగి తూలుతుంటాడు. మాంత్రికుడి శిష్యులైన ఇద్దరు కుర్రాళ్లు కొంగలై గాల్లోకి లేస్తారు. 'మాయాబజార్' విందును కళ్లింతలు చేసుకుని చూసిన తరాలకు ఇలాంటి వైభవం కొత్త కాకపోవచ్చు. అయినా ఆ పది పన్నెండు నిమిషాలు రెప్పవేయనివ్వవు. వీలైనంత పెద్ద తెర మీద చూడాల్సింది ఈ భాగమే. ఫోన్‌లో చూస్తే ఆరేళ్ల కష్టమూ అరచేతిలో ఆవిరైపోతుంది.

లోపాలు లేవా అంటే, చాలానే ఉన్నాయి. మొదటి గంటలో కథ కుదురుగా నిలబడదు. ఓ చోట పిల్లి, ఓ చోట శవం, ఓ చోట పాట. రెండో గంటలో అంతా కూర్చోబెట్టి వివరిస్తారు. డైరీ చదవడం, గతం, మళ్లీ డైరీ. అపరాధ పరిశోధనగా చూస్తే ఇది బలహీనం. మంచి డిటెక్టివ్ కథలో ఆధారాలు పాఠకుడికి కూడా కనిపించాలి, అతను కూడా ఊహించే వీలుండాలి. ఇక్కడ కుకాయ్‌కి ఏది ఎప్పుడు తెలియాలో రచయితకు ఎప్పుడు తోస్తే అప్పుడు తెలుస్తుంది. బిగువైన మిస్టరీయే కావాలనుకునేవాళ్లకు త్సుయ్ హార్క్ 2010లో తీసిన 'డిటెక్టివ్ డీ అండ్ ద మిస్టరీ ఆఫ్ ద ఫాంటమ్ ఫ్లేమ్' ఎక్కువ నచ్చొచ్చు. వూ జెత్యేన్ పట్టాభిషేకం ముందు మనుషులు ఉన్నట్టుండి మండిపోతుంటారు. దాని గుట్టు విప్పే కథ అది. హుషారుగా పరిగెత్తుతుంది. చూసి లేచాక మాత్రం మనసులో మిగిలేది తక్కువ.

పిల్లి సంగతి కూడా చెప్పాలి. కదలకుండా కూర్చుని చూస్తున్నప్పుడు ఆ పిల్లి భయపెడుతుంది. గెంతినప్పుడు మాత్రం కంప్యూటర్ బొమ్మని తెలిసిపోతుంది.

అంతకంటే పెద్ద ఫిర్యాదు ఒకటుంది. గ్వీఫేను అందరూ బొమ్మను చేసి ఆడుకున్నారని, చచ్చాక కూడా ఆమె కథను తమకు నచ్చినట్టు రాసుకున్నారని సినిమా బాధపడుతుంది. సబబే. మరి సినిమా చేసిందేమిటి? సాండ్రిన్ పిన్నా వేసిన ఆ పాత్రను పట్టుబట్టలు, పూలు, పొగల మధ్య దేవతలా ఊగిస్తుంది. ఆమెకేం కావాలో, కొడుకు భార్యగా ఉన్నదాన్ని తండ్రి లాక్కున్నప్పుడు ఏమనుకుందో ఒక్కమాట అనిపించదు. నిజానికి కోడలి సంగతి అంత పట్టించుకోదు కూడా. కవి చేసిన తప్పునే దర్శకుడు కెమెరాతో చేశాడు. పిల్లి పీడించే ఇంటి ఇల్లాలు చున్‌చిన్‌గా జాంగ్ యూచీ ఇంతకంటే మనిషిలా అనిపిస్తుంది. ఇంటికప్పు మీద ఆమె నడుస్తూ పాడే ఘట్టం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అయితే చివరి అరగంటలో ఓ రాతి శవపేటిక మూత తెరుస్తారు. లోపల ఏం కనిపిస్తుందో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. అప్పటిదాకా పూసిన అందమంతా ఆ ఒక్క దృశ్యంలో రాలిపోతుంది. పట్టు లేదు, పాట లేదు. నమ్మిన మనిషి ఒకత్తె, ఆమెకు చెప్పిన మాట ఒకటి, ఆ మాటకు మిగిలిన గుర్తు ఒకటి. వెయ్యేళ్ల కవితకు సినిమా ఇచ్చిన జవాబు అదే. దానికోసం ముందున్న గందరగోళాన్ని క్షమించేయొచ్చు.

ఇంట్లో అందరూ కలిసి చూడొచ్చా అంటే, చిన్నపిల్లలతో వద్దు. పిల్లికి కళ్లు తినే అలవాటుంది, చేపలతో మొదలై అక్కడితో ఆగదు. ఒంట్లోంచి పురుగులు బయటికొచ్చే సన్నివేశం ఒకటుంది. వేశ్యావాటికలో నడిచే భాగం కూడా పెద్దదే, అసభ్యంగా ఉండదు గానీ పక్కన అత్తగారు కూర్చుంటే ఇబ్బందే. హైస్కూల్ దాటిన పిల్లలైతే పరవాలేదు. వాళ్లకు ముందే మావే మజిలీ కథ చెప్పి కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది. పేర్ల గోల వద్దనుకుంటే కవి, సన్యాసి, పిల్లి, రాజు, రాణి, ఇద్దరు శిష్యులు అని గుర్తుపెట్టుకున్నా చాలు, కథ అందుతుంది.

అన్నీ తెలిశాక కవి తన కవితను ఏం చేస్తాడు? చించేస్తాడా, మార్చి రాస్తాడా, అలాగే ఉంచుతాడా? చివర్లో ఆయన తీసుకునే నిర్ణయం ఇంట్లో ఇద్దరికి ఒకేలా నచ్చే రకం కాదు. రాత్రి భోజనాల దగ్గర ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంటుంది.